పేరు రాయని మూట

ఎవరైనా నా పేరు అడిగితే నేను గట్టిగా చెబుతాను. పోస్టాఫీసైనా, ఆస్పత్రైనా, బ్యాంకైనా అంతే. మొన్న బ్యాంకులో కిటికీ అవతలి కుర్రాడు "అవ్వా, నాకు చెవుడు లేదు" అని నవ్వాడు. నవ్వుకోనీ. "కమరున్నీసా!" అని మళ్ళీ చెప్పాను, ఈసారి బజారుకు వినపడేట్టు. పేరు అడిగితే నేల చూస్తూ గొణిగే ఆడదాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మంట అంటించింది లాల్ బీ. పుంగనూరులో, యుద్ధం రోజుల్లో, నలభై నాలుగో సంవత్సరంలో అంటించింది. ఆమె సంగతి చెబుతాను. మధ్యలో నాకు కోపం వస్తే మీరే ఓర్చుకోవాలి.

లాల్ బీ పుట్టింది కుప్పంలో. వాళ్ళ నాయన రైలు స్టేషనులో పార్సిలు మూటలు మోసేవాడు. తల్లి లేని పిల్ల కాబట్టి ఇంట్లో ఒంటరిగా వదల్లేక గోడౌను గుమ్మం దగ్గరే కూర్చోబెట్టుకునేవాడు. కుప్పం అంటే తెలిసిందే కదా, అటు అరవం, ఇటు కన్నడం, మధ్యలో మనం. మూటలకు కట్టిన అట్టముక్కల మీద ఊళ్ళ పేర్లు మూడు భాషల్లోనూ ఉండేవి. వాటిని చూసి చూసి, దారిన పోయే గుమాస్తాలను విసిగించి విసిగించి, పదేళ్ళకే ఆ పిల్ల మూడూ చదివేది. ఉర్దూ ఇంట్లో వచ్చింది. బడి మెట్టు మాత్రం ఏనాడూ ఎక్కలేదు.

ఒక్కోసారి మూటకు కట్టిన అట్టముక్క ఊడిపోయేది. ఆ మూట ఎవరిదో, ఎక్కడికి పోవాలో ఎవరికీ తెలిసేది కాదు. మూలన పడి ఉండేది. లోపల బెల్లం ఉంటే చీమలు తినేవి, మామిడిపండ్లుంటే కుళ్ళిపోయేవి. "పేరు రాయని మూట ఏ రైలూ ఎక్కదు బిడ్డా" అనేవాడట ఆయన. లాల్ బీ ఈ మాట మాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. కానీ ఆ మాట తాను తర్వాత పెట్టిన బడికే తగులుతుందని ఆమె కూడా అనుకోలేదు.

పదిహేనేళ్ళకు పుంగనూరు కోడలయింది. మొగుడు బాబు సాహెబ్ ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. వీధి వైపు రేకుల షెడ్డులో కొలిమి, వెనక ఇల్లు. బాబు సాహెబ్ మంచివాడే, చెయ్యెత్తి ఎరగడు. విషజ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయాడు. పిల్లలు లేరు. ఆ ఇంట్లో ఆమెకు మిగిలింది అత్త, మరిది షంషుద్దీన్, అతని పెళ్ళాం బిడ్డలు.

కొలిమి చల్లారిన మూడో నెలలో లాల్ బీ షెడ్డు గోడల మసికి సున్నం కొట్టి, ఆరుగురు ఆడపిల్లలను చాప మీద కూర్చోబెట్టింది. తెలుగు, ఉర్దూ, లెక్కలు చెప్పేది. మేమంతా ఆమెను ఆపా, అంటే అక్కా, అనేవాళ్ళం. ఇచ్చేవాళ్ళు రాగులిచ్చారు, పిడకలిచ్చారు, ఇవ్వలేని వాళ్ళు ఏమీ ఇవ్వలేదు. నాలుగేళ్ళు తిరిగేసరికి ఇరవై ముగ్గురమయ్యాం. సగానికి పైగా సాయిబుల బిడ్డలం, తక్కినవాళ్ళు రైతుల పిల్లలు, నేతగాళ్ళ పిల్లలు. వాన పడితే ఆ గోడల్లోంచి కళాయికి వాడే నవాసాగరం వాసన గుప్పున వచ్చేది. ఇప్పటికీ కొత్త పుస్తకం తెరిస్తే నా ముక్కుకు ఆ వాసనే తగులుతుంది.

ఆపా వాళ్ళ అత్త షెడ్డు మూలన, తడిక పక్కన కూర్చుని బీడీలు చుట్టేది. మాకు ఆమె దాదీ. ఊరికి బాబు సాహెబ్ అమ్మ. కొడుకు పోయినా ఆ పిలుపు పోలేదు. చేటలో పొగాకు, ఒళ్ళో ఆకులు, కళ్ళు మాత్రం మా పలకల మీద. మేము తప్పు చదివితే నాలుక చప్పరించేది. చదువు రాని ముసలమ్మకు తప్పు ఎలా తెలుస్తుందని మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు. పిల్లలం, మాకేం తెలుసు!

షంషుద్దీన్‌కు ట్రంకు పెట్టెల వ్యాపారం. వీధి మీది షెడ్డు మీద అతని కన్ను పడింది. ఒక శుక్రవారం నలుగురు పెద్దమనుషులను వెంటబెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"భాబీ, ఇది ఇస్కూలంటాండావు. సర్కారు కాయితం ఉండాదా? కాయితం లేకుంటే ఇది ఇస్కూలు కాదు, మా నాయన షెడ్డు. రంజాన్ నెల పుట్టేలోపల కాయితం తెచ్చినావా, నీది. లేకుంటే పలకలు తీసి వీధిలో యేస్తాను" అన్నాడు.

పెద్దమనుషులు న్యాయమే అన్నట్టు తలలూపారు. ఆడమనిషి సర్కారు కాయితం తెచ్చేదా చచ్చేదా అని వాళ్ళ ధీమా.

"తెస్తాను. నలుగురూ ఇన్నారు గదా, మాట మార్చొద్దు" అంది ఆపా.

షెడ్డు పోతే నా చదువు పోయినట్టే. మా నాయన తాజుద్దీన్ గాజుల అంగడి నడిపేవాడు. ఆపా బడి ఆడవాళ్ళ మధ్య, ఇంటి పక్కన ఉంది కాబట్టి పంపాడు గానీ, మగపిల్లలు కూర్చునే బడికి నన్ను పంపడం కల్ల.

ఆపా రెడ్డెమ్మను తోడు తీసుకుని మదనపల్లెకు వెళ్ళింది. రెడ్డెమ్మ కలకడ వైపు నుంచి కోడలుగా వచ్చిన రైతు ఇల్లాలు, ఆమె కూతురు వసంత నా పక్క చాపే. పెట్రోలు దొరక్క ఆ రోజుల్లో బస్సులకు వెనక బొగ్గుల కొలిమి కట్టి ఆ గ్యాసుతో నడిపేవాళ్ళు. ఎత్తు వస్తే అందరూ దిగి తొయ్యాల్సిందే. "సూడు రెడ్డెమ్మా, నన్ను ఇడిసిపెట్టకుండా కొలిమి యెనకాలే వస్తాండాది" అందట ఆపా, బురఖా ఎత్తి పట్టుకుని బస్సు తోస్తూ.

మదనపల్లెలో కచేరీ బయట గంగులయ్య అని అర్జీలు రాసే ఆయన ఉండేవాడు. చాప, డెస్కు, సిరాబుడ్డి, నోటి నిండా వక్క. ఆయన వేళ్ళు మడుస్తూ చెప్పాడట.

"సర్కారు కాయితమంటే గ్రాంటు కాయితమే, అది ఊరికే వొచ్చేది కాదమ్మా. ముందు సంఘం పెట్టాల. ఏడుగురు సభ్యులు, వాళ్ళ పేర్లు, భర్తల పేర్లు, సంతకాలు. సంఘాన్ని రిజిస్టరు చెయ్యాల. ట్రైనింగు అయిన పంతులమ్మ ఉండాల. ఇరవైమందికి తక్కువ గాకుండా పిలకాయలు, వాళ్ళ హాజరు పట్టీ. బడి నడిపే చోటు ఎవరిదో వాళ్ళ ఒప్పుదల. అప్పుడు అర్జీ. అర్జీ అయినాక తనిఖీ. తనిఖీ అయినాక గ్రాంటు."

"ఓయమ్మ! ఇన్నా?" అని రెడ్డెమ్మ బుగ్గలు నొక్కుకుందట.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. సర్కారు అమ్మ గూడా కాదు. రాయప్పా, అన్నీ అడుగుదాం" అంది ఆపా.

అడిగింది కూడా. మదనపల్లెలో ట్రైనింగు అయి, పని లేక కూర్చున్న అన్నపూర్ణమ్మ దగ్గరికి మూడుసార్లు తిరిగి ఒప్పించింది. చోటు ఒప్పుదల ఒక్కటే కుదరలేదు. షెడ్డు దస్తావేజు చూపించమంటే షంషుద్దీన్ "నా పెట్టెలో భద్రంగా ఉండాది, చూపించాల్సిన రోజు చూపిస్తా" అన్నాడు. దాదీని అడిగింది. దాదీ బీడీకి దారం చుడుతూ "కాయితాలన్నీ మొగోళ్ళ పెట్టెలో ఉంటాయి, నన్ను అడిగితే ఏం లాభం" అని ఊరుకుంది. గంగులయ్యకేమో ఆపా ధైర్యంగా చెప్పింది, ఆ ఒక్క గడి ఖాళీగా ఉంచమని, దాన్ని తర్వాత చూసుకుంటానని.

సంత రోజున గంగులయ్య పుంగనూరు వచ్చి మా షెడ్డులోనే సంఘం కాయితాలు రాయడం మొదలుపెట్టాడు. ఏడుగురు ఆడవాళ్ళు ఒక వైపు, మేము పిల్లలం ఒక వైపు. రెడ్డెమ్మ వంతు వచ్చింది.

"భర్త పేరు?"

రెడ్డెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఆయప్ప పేరు నేను పలకాల్నా? ఆయుస్సు తగ్గిపోదా?"

"పేరు లేకుంటే రిజిస్ట్రారు ఒప్పుకోడమ్మా."

"కొండ మీద సామి పేరే అప్పా."

గంగులయ్య అర్థమైందన్నట్టు తలాడించి, రాసుకుని, పైకి చదివాడు. "రెడ్డెమ్మ, భర్త శ్రీనివాసులు."

రెడ్డెమ్మ ఒంటికాలి మీద లేచింది. "ఓరి నీ చెయ్యి ఇరగ! అది మా మరిది పేరు! నన్ను తీస్కపోయి మా మరిదికి కట్టినావు గదప్పా!"

షెడ్డు షెడ్డంతా పడీపడీ నవ్వాం. గంగులయ్య చెంపలు వాయించుకున్నాడు. "సామికి వెయ్యి పేర్లు తల్లీ, నీ సామి ఏ సామో నాకెట్ల తెలుస్తాది" అన్నాడు. తక్కిన ఆడవాళ్ళదీ అదే తంతు. ఒకామె మొగుడి పేరు కోసం చేతికున్న ఉంగరం చూపిస్తుంది, ఇంకొకామె ఆకాశం చూపిస్తుంది. పొద్దు గుంకినా తెమిలేటట్టు లేదు.

అప్పుడు ఆపా ఒక పలక తీసి వసంత చేతికిచ్చింది. "మీ నాయన పేరు రాయి."

వసంత 'వెంకటరమణ' అని గుండ్రంగా రాసింది.

"నోటితో పలకగూడదన్నారు. చేత్తో రాయగూడదని ఎవురన్నా అన్నారా?" అంది ఆపా.

రెడ్డెమ్మ ఆ పలకను రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూసింది. "ఇదేనా ఆయప్ప? ఇంతేనా! ఇంట్లో అంత కేకలేస్తాడే, పలక మీద ఇంత కూడా లేడే" అంది. మళ్ళీ నవ్వులు. ఆ తర్వాత ఆమె మెల్లగా కూతుర్ని అడిగింది, "నా పేరు ఎట్లుంటాదో రాసి సూపించు" అని. పది రోజులు కూర్చుని తన పేరు నేర్చుకుని, వేలిముద్ర వెయ్యకుండా సంతకం పెట్టింది. పుంగనూరు బాలికా విద్యా సంఘం అలా పుట్టింది.

అర్జీ వెళ్ళింది. నెల తిరక్కుండానే వెనక్కి వచ్చింది.

ఇక్కడ మా ఆపా చేసిన తప్పు చెప్పాలి. ఆమెను పొగడడానికి నేను అబద్ధం ఆడను. మా హాజరు పట్టీలో మా పేర్లు లేవు. నేను 'తాజుద్దీన్ గారి పెద్దది'. నా వెనక కూర్చునేది 'కృష్ణప్ప గారి రెండోది'. మా ఇళ్ళల్లో ఆడబిడ్డ పేరు పరాయి మగవాళ్ళ చెవిన పడకూడదు. అది చూసి తక్కినవాళ్ళు కూడా, మా బిడ్డల పేర్లు మాత్రం చవకా అన్నారు. బడికి పంపితే చాలునని ఆపా సరే అనేసింది. నాలుగేళ్ళు అలాగే రాసింది. మూటల మధ్య పెరిగిన మనిషి, మూటల మీద అట్టముక్కలు కట్టడం మరిచిపోయింది.

అర్జీ మీద తనిఖీ అధికారి రాసిన మాట గంగులయ్య చదివి వినిపించాడు. "ఈ పట్టీ ప్రకారం ఇక్కడ చదువుతున్నవారు ఇరవై ముగ్గురు పురుషులు. ఆడపిల్లల బడికి గ్రాంటు కోరుతూ ఒక్క ఆడపిల్లను కూడా చూపలేదు." ఫలానా తేదీన తానే వస్తానని, పిల్లల సొంత పేర్లతో పట్టీ ఉండాలని, ఇరవైమందికి తగ్గితే అర్జీ కొట్టివేస్తానని కింద రాశాడు. ఆ తేదీ రంజాన్‌కు పన్నెండు రోజుల ముందు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే.

"దీనికింత దిగులు యాలమ్మా? నోటికొచ్చిన ఇరవై పేర్లు రాసేద్దాం. పిలకాయలకు ఆ పొద్దు మాత్రం పలకమని చెప్పు. సర్కారు ఇంటికొచ్చి అడుగుతాదా?" అన్నాడు గంగులయ్య. మంచి మనసుతోనే అన్నాడు.

"దొంగ పేర్లు పెట్టి నిజం సదువు చెప్పేది ఎట్లప్పా?" అంది ఆపా. "గ్రాంటు వొస్తే నా పిలకాయలకు రావాల. లేని పిలకాయలకు వొచ్చి ఏం లాభం?"

శుక్రవారం నమాజు అయ్యాక తండ్రులందర్నీ పిలిపించింది. షెడ్డు ముందు నిలబడ్డారు. మేము తడిక వెనక. అందరికంటే ముందు నోరు లేచింది మా నాయనకే.

"మా ఇంటి బిడ్డ పేరు కచేరీలో పదిమంది గుమాస్తాలు సదవాల్నా? సదువు వొద్దు, ఏమీ వొద్దు, మానిపిస్తాను" అన్నాడు.

ఆపా గుమ్మం దాటి బయటికి వచ్చింది. "తాజుద్దీన్ అన్నా, ఊర్లో ఆడోళ్ళందరి చేతులు పట్టుకుని గాజులు తొడుగుతావు. నీ బిడ్డ చెయ్యి పలక పట్టుకుంటే, ఆ పలక మీద దాని పేరుంటే, నీ పరువు పోతాదా?"

మా నాయన మొహం ఎర్రబడింది.

"ఇంగొకటి అడుగుతాను" అంది. "చక్కెర రేషను కార్డు రాసేదానికి గుమాస్తా వొచ్చినాడు గదా. ఇంట్లో ఎంతమంది ఉంటే అంత చక్కెర అన్నాడు. ఆ పొద్దు బిడ్డల పేర్లు ఎవురు చెప్పినారు? నేనా? మీరే, ఈ వీధిలోనే, గట్టిగా అరిసి అరిసి చెప్పినారు. ఒగాయన లేని బిడ్డ పేరు గూడా చెప్పినాడు, ఆయన పేరు నేను చెప్పనులే. అరశేరు చక్కెరకు పలికిన పేరు, సదువుకు పలకదా?"

లేని బిడ్డ పేరు చెప్పిన ఆయన మెల్లగా చెప్పులు వెతుక్కున్నాడు.

"కుప్పంలో మా నాయన చెప్పేవాడు. పేరు రాయని మూట ఏ రైలూ ఎక్కదు, మూలన పడి కుళ్ళిపోతాదని. నాలుగేండ్లు మీ బిడ్డల్ని నేను మూటలు చేసినాను. తప్పు నాదే. ఇంగ చెయ్యను. ఆ తేదీకి వొచ్చే బిడ్డ తన పేరు తానే చెప్తాది, తానే రాస్తాది. ఇష్టం లేనోళ్ళు పంపించొద్దు. బతిమాలను."

బతిమాలలేదు కూడా. ఆ తేదీ దాకా ఎవరి ఇంటి గడపా తొక్కలేదు. నాకు మాత్రం ఇంట్లో నిద్ర లేదు, కూడు సయించలేదు. మా అమ్మ ఏం మాట్లాడిందో, ఏం మంత్రం వేసిందో తెలియదు, ఆ రోజు పొద్దున నాకు తలదువ్వి, రిబ్బను కట్టి, మా నాయన ఎదుటే చెయ్యి పట్టుకుని వీధిలోకి పంపింది. నాయన వెనకే వచ్చి షెడ్డు బయట నిలబడ్డాడు. ఇరవై ముగ్గురిలో ఇరవై ఒక్కరం వచ్చాం. రాని ఇద్దరి తండ్రుల మీద నాకు ఇప్పటికీ కోపమే. వాళ్ళు చచ్చిపోయినా సరే, కోపమే.

తనిఖీ అధికారి సుబ్రమణ్యం గారు జట్కా దిగారు. పెద్దాయన, చేతిలో గొడుగు, మాటలో అరవం యాస. పట్టీ తెరిచి కళ్ళద్దాలు సర్దుకున్నారు.

"పేర్ల గళ్ళు ఖాళీగా ఉన్నాయేమమ్మా?"

"పేరుగల వాళ్ళే రాస్తారు సామీ. నేను రాస్తే దొంగ పేర్లని రేపు ఎవురన్నా అంటారు."

ఆయన కలం బల్ల మీద పెట్టారు. "మొదటి అమ్మాయి."

మొదటి అమ్మాయిని నేను. లేచాను. బయట మా నాయన చేతులు కట్టుకుని చూస్తున్నాడు. వీధిలో సగం ఊరు. నా పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా పరాయి మగవాళ్ళ ముందు నా పేరు నేను చెప్పలేదు. "నీ పేరేమ్మా?" అన్నారు. నేను నేల చూశాను. "నీ పేరు?" మళ్ళీ అడిగారు. పెదాలు కదిలాయి గానీ గాలే వచ్చింది.

మూల నుంచి దాదీ నాలుక చప్పరించింది. తప్పు చదివితే చప్పరించినట్టే.

నాకు రోషం పొడుచుకొచ్చింది. "కమరున్నీసా!" అని అరిచాను. వీధిలో జట్కా గుర్రం బెదిరి రెండు అడుగులు వెనక్కి వేసింది. వెళ్ళి గడిలో రాశాను. నా తర్వాత వసంత. ఆ తర్వాత ఒక్కొక్కరూ. కొందరు చెప్పి ఏడ్చారు, కొందరు చెప్పి నవ్వారు. ఇరవై ఒక్క పేర్లూ పట్టీలో పడ్డాయి.

"పిల్లల సంగతి సరే. సంఘం కాగితాలూ సరే. ఈ చోటు ఎవరిది? ఒప్పుదల ఏది?" అన్నారు సుబ్రమణ్యం గారు.

ఆ మాట కోసమే కాచుకున్నట్టు షంషుద్దీన్ జనంలోంచి ముందుకొచ్చాడు. చేతిలో పసుపుపచ్చబడ్డ స్టాంపు కాయితం. "నాది సామీ. మా నాయన ఇమాం సాహెబ్‌ది, ఇప్పుడు నాది. ఒప్పుదల ఇయ్యను. ఇదో దస్తావేజు, సదువుకోండి" అని బల్ల మీద పెట్టాడు. అతనికి ఒక్క అక్షరం రాదు. ఆ కాయితం పెట్టెలో ఉంచుకోవడమే గానీ ఏనాడూ ఎవరి చేతా చదివించుకోలేదు.

అన్నీ కుదిరిన బడి, ఆ ఒక్క గడి దగ్గర ఆగిపోయింది.

సుబ్రమణ్యం గారు చదవడం మొదలుపెట్టారు. సగంలో ఆగి, మళ్ళీ మొదటినుంచి పైకి చదివారు. పెళ్ళినాడు భర్త భార్యకు ఇవ్వాల్సిన మెహరు కింద ఇమాం సాహెబ్ ఈ షెడ్డూ, దాని కింది చోటూ తన భార్య హయాత్ బీకి రాసి ఇచ్చాడు. ఇక దాని మీద ఆమెకు తప్ప మరెవరికీ హక్కు లేదు.

"హయాత్ బీ ఎవరు?" అని అడిగారు.

షంషుద్దీన్ తడబడ్డాడు. "మా... మా ముత్తవ్వ అయ్యుంటాది సామీ. సచ్చి ఎన్నేండ్లయిందో."

"ఇమాం సాహెబ్ మీ నాయన అన్నావు. మీ నాయన భార్య నీకు ముత్తవ్వ ఎలా అవుతుందయ్యా?"

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. షంషుద్దీన్ తల గోక్కున్నాడు. "అట్లయితే మా నాయనకు ముందు ఎవురన్నా..."

"ముందూ లేదు, యెనకా లేదు. ఆయనకు ఉండేది ఒగటే పెండ్లాం" అన్న మాట మూల నుంచి వినబడింది. "అది నేను. హయాత్ బీ అంటే నేనే."

దాదీ లేచి నిలబడింది. ఒళ్ళోని బీడీ ఆకులు నేల మీద పడ్డాయి. ఆమె మోకాళ్ళ నొప్పుల మనిషి, లేవాలంటే ఇద్దరం చేయందించాలి. ఆ రోజు తనే లేచింది.

"పెండ్లినాడు చెప్పినాడు ఆయన, ఇది నీదేనని. కాయితం పెట్టెలో, పెట్టె తాళం కొడుకు మొలతాడుకు. నా మాట ఎవురు నమ్ముతారని ఊరుకున్నాను. ఇప్పుడు సర్కారే సదివినాది గదా. రాసుకో సామీ, నేను బతికుండేదాకా ఈడ బడే. సచ్చినాకా బడే."

షంషుద్దీన్ తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. సుబ్రమణ్యం గారు సిరా గుడ్డ ముందుకు జరిపి, "వేలిముద్ర వేస్తావా తల్లీ?" అన్నారు. దాదీ ఆ గుడ్డను పక్కకు తోసేసింది. కలం అడిగింది. మా వెనక మూలన కూర్చుని, నాలుగేళ్ళు మా పలకలు చూసి నేర్చిన అక్షరాలు. వంకరగా, పెద్దగా, గడి దాటిపోయేట్టు రాసింది. హయాత్ బీ. మా ఆపా అక్కడే చాప మీద కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. అంతవరకు ఆమె కంట నీరు నేను చూడలేదు.

గ్రాంటు మంజూరు కాయితం రంజాన్‌కు మూడు రోజుల ముందు వచ్చింది. అన్నపూర్ణమ్మ మదనపల్లె నుంచి పెట్టె, పరుపు చుట్టతో దిగింది. మా నాయన నాతో వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజు నా చెల్లెల్ని చంకనేసుకుని షెడ్డుకు వచ్చి, పట్టీ ముందు నిలబడి, వీధి వైపు ఒకసారి చూసి, "పేరు రాసుకోండి. రజియా" అన్నాడు. గొణిగాడు గానీ చెప్పాడు. అది కూడా నేను క్షమించాను.

కానీ నా మనసులో నిలిచిపోయింది ఇవేవీ కావు. తనిఖీ రోజు జట్కా వెళ్ళిపోయాక, జనం చెదిరిపోయాక, మేము చాపలు చుడుతున్నాం. షంషుద్దీన్ ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. కాయితం మడిచి చేతిలో పట్టుకున్నాడు. దాదీ కింద పడిన బీడీ ఆకులు ఒక్కొక్కటే ఏరుకుంటోంది. అతను దగ్గరికి వెళ్ళి వంగి, తనూ నాలుగు ఆకులు ఏరి చేటలో వేశాడు.

"అమ్మా, నీ పేరు నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

దాదీ తలెత్తి కొడుకు మొహంలోకి చూసింది.

"నలభై ఏండ్లు నా చేతి కూడు తిన్నావు గదప్పా" అంది. "ఒగ పొద్దన్నా అడిగినావా?"